‘భోగట్టా’ అని రాస్తే సరిపోతుందనుకున్నా: నా అనుభవం

నేను గుంటూరులో ఒక చిన్న వారపత్రిక నడుపుతాను. నడుపుతానంటే వార్త రాసేదీ, ప్రూఫులు దిద్దేదీ, ప్రకటనల డబ్బుల కోసం షాపుల చుట్టూ తిరిగేదీ అన్నీ నేనే. పేజీలు పెట్టేది మా బావ. బ్రాడీపేటలో మేడ మీద ఒక గది, రెండు కంప్యూటర్లు, ఎండాకాలంలోనే పనిచేయని ఒక కూలర్. పత్రికలో వచ్చినవి మర్నాడు వెబ్‌సైట్‌లోనూ పెడతాం. అంతకుముందు 11 ఏళ్లు విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేశాను. కాబట్టి వార్త ఎలా రాయాలో నాకు తెలుసనే అనుకునేవాణ్ని.

2024 సెప్టెంబరులో మేం వేసిన ఒక వార్త వల్ల నాకు ముందు లీగల్ నోటీసు, తర్వాత కోర్టు నోటీసు వచ్చాయి. ఆ సంగతే ఇది. వ్యవహారం ఇంకా తేలలేదు కాబట్టి, రాసింది మా ప్లీడరు గారికి చూపించాను. ఆయన రెండు వాక్యాలు కొట్టేశారు. ఒక విశేషణం కూడా. ఆ విశేషణం పోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

గుంటూరు చుట్టూ మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఎన్ని ఉన్నాయో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. ఫిబ్రవరి నుంచి మిర్చి మార్కెట్ యార్డుకు సరుకు ముంచెత్తుతుంది, రేటు పడుతుంది. ఓపిక ఉన్న రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తీసుకెళ్లి కోల్డ్ స్టోరేజీలో పెట్టి, సరుకు పెట్టినట్టు బాండు రాయించుకుని, ధర పెరిగాక తీసుకుంటాడు. అవసరమైతే ఆ బాండు చూపించి బ్యాంకులో అప్పు కూడా తెచ్చుకుంటాడు. ఏడాది కష్టమంతా ఎవరిదో గోడౌనులో ఉంటుంది, రైతు చేతిలో మిగిలేది ఒక కాగితం.

ఆగస్టు చివర్లో ఒకాయన ఫోన్ చేశాడు. కలవాలన్నాడు. శంకర్‌విలాస్ సెంటర్ దగ్గర టీ తాగుతూ మాట్లాడాం. ఆయన ఏం పని చేస్తాడో, ఎంత వయసో రాయను.

“అన్నా, తేజ పెట్టినోళ్లకి తాలు కలిపి ఇస్తన్నారు. టిక్కీలు విప్పుతున్నారు, మళ్లీ కుడుతున్నారు. అంతా మేనేజరే చేయించాడు” అన్నాడు.

ఫోనులో ఫొటోలు చూపించాడు. విప్పిన టిక్కీలు, కుట్టు మిషను, చేత్తో రాసిన రిజిస్టరులో ఒక పేజీ. తేజ అంటే మంచి కారం, మంచి ధర ఉన్న రకం. తాలు అంటే రంగు పోయి తెల్లబడిన కాయ, దానికి ధర బాగా తక్కువ. వాట్సాప్‌లో ఆ ఫొటోలన్నీ పంపి, “నా పేరు మాత్రం ఎక్కడా రాకూడదన్నా. పిల్లలున్నోణ్ని” అన్నాడు. రాదని మాటిచ్చాను. అందుకు నాకు అర నిమిషం కూడా పట్టలేదు.

వార్త రాయడానికి ఒక పూట పట్టింది. ‘తేజ పెడితే తాలు వస్తోంది!’ అని హెడ్డింగు. కింద చిన్న అక్షరాల్లో ‘మేనేజరే సూత్రధారి?’ అని ఇంకోటి. లోపల ఇలా సాగింది: ‘నగర శివారులోని ఓ కోల్డ్ స్టోరేజీలో రైతుల సరుకు తారుమారవుతున్నట్టు విశ్వసనీయ సమాచారం. మేనేజరు కనుసన్నల్లోనే ఈ తంతు సాగుతోందని భోగట్టా. లక్షలు చేతులు మారుతున్నాయట. దీనిపై వివరణ కోసం ప్రయత్నించగా ఆయన అందుబాటులోకి రాలేదు.’ పక్కన ఆ రిజిస్టరు పేజీ ఫొటో, గేటు ఫొటో వేసి, గేటు బోర్డు మీద పేరు కనపడకుండా చెరిపేశాం.

తెలుగు పత్రిక డెస్కులో కూర్చున్న ఎవరికైనా ఈ వాక్యాలు కొత్త కాదు. ‘తెలిసింది’, ‘తెలియవచ్చింది’, ‘గుప్పుమంటోంది’, ‘ఆరోపణలు వినిపిస్తున్నాయి’. నేను చేరిన మొదటి వారంలోనే మా చీఫ్ సబ్, “ఏదైనా తేడాగా అనిపిస్తే చివర ఒక ‘ట’ తగిలించు, మనకేం కాదు” అని నేర్పించారు. ఆయన మంచివాడు, నాకు ఉద్యోగం ఇచ్చినవాడు. కానీ ఆ ‘ట’ గురించి మాత్రం ఆయన చెప్పింది తప్పు.

సంచిక బయటికొచ్చిన 11వ రోజున పోస్ట్‌మ్యాన్ మేడెక్కి వచ్చాడు. రెండు రిజిస్టర్డ్ కవర్లు. సంతకం పెడుతుంటే, “ఏంటి సార్, పెళ్లి పిలుపులా?” అన్నాడు.

మొదటిది ఆ కోల్డ్ స్టోరేజీ కంపెనీ తరఫున. అయిదు పేజీలు. 15 రోజుల్లో బేషరతుగా క్షమాపణ వేయాలి, వెబ్‌సైట్‌లోంచి వార్త తీసెయ్యాలి, 50 లక్షలు పరిహారం కట్టాలి, లేకపోతే సివిల్ దావా, క్రిమినల్ కేసు రెండూ. వార్త తక్షణం తొలగించేలా కోర్టు నుంచి ఆర్డరు కూడా తెస్తామన్నారు. రెండోది ఆ మేనేజరు పెట్టిందే, వేరే ప్లీడరు ద్వారా. ఒకటే పేజీ. డబ్బు ఊసు లేదు. నేను మొదటిదాన్ని చూసి భయపడ్డాను. రెండోదాన్ని సరిగా చదవను కూడా లేదు.

బావ మొదటి సలహా, “డిలీట్ కొట్టేద్దాం”. రెండో సలహా, “అయినా పరువు నష్టం కేసులు సుప్రీంకోర్టు ఎప్పుడో కొట్టేసింది కదా”. ఆ రెండు మాటలూ పట్టుకుని అరండల్‌పేటలో ప్లీడరు గారి దగ్గరకు వెళ్లాం. మా నాన్నగారి పొలం దావా నడిపినాయన, 70 దాటాయి. ఆఫీసు గదిలో ఫైళ్లు గోడకు ఆనుకుని మనిషెత్తు ఉంటాయి.

ఆయన నోటీసు చదివి ముందు నవ్వారు. “ఐపీసీ 499, 500 అని కొట్టాడు. జూలై ఒకటి నుంచి ఐపీసీ బదులు న్యాయ సంహిత వచ్చింది కదా, మీరు వేసింది సెప్టెంబరులో. 356 అనాలి. పాత నోటీసులో పేర్లు మార్చి పంపినట్టున్నాడు.” నా మొహం వెలిగింది. “సంబరపడకు. అంకె తప్పయితే విషయం తప్పయిపోదు. శిక్ష అప్పుడూ రెండేళ్ల దాకా, ఇప్పుడూ రెండేళ్ల దాకా. కొత్తగా సమాజ సేవ అని ఒకటి కలిపారు, అంతే.”

బావ సుప్రీంకోర్టు సంగతి ఎత్తాడు. “కొట్టేసింది ఐటీ చట్టంలో 66-ఎ, ఆన్‌లైన్ రాతల మీద పెట్టే సెక్షన్. అది 2015. పరువు నష్టం నేరంగా ఉండటం రాజ్యాంగబద్ధమేనని 2016లో సుబ్రమణ్యస్వామి కేసులో అదే సుప్రీంకోర్టు తేల్చింది. రెంటినీ కలిపి వినుంటావు బాబూ” అన్నారు. పోలీసులు వచ్చి పట్టుకెళ్తారేమోనన్న నా భయం మాత్రం తీర్చారు. ఇది పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టే నేరం కాదు. బాధితుడే మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు ఫిర్యాదు వేసుకోవాలి. బెయిల్ దొరికే నేరమే, రాజీకి వీలున్న నేరమే. 50 లక్షల గురించి కూడా, “అడిగిన మొత్తం మీద కోర్టు ఫీజు కట్టాలి. నోటీసులో ఎంతైనా రాస్తారు, దావాలో రాసేముందు ఆలోచిస్తారు” అన్నారు. అలాగని ఊరుకోవద్దన్నారు. దావాకు ఏడాది గడువుంది, క్రిమినల్ ఫిర్యాదుకు మూడేళ్లు. వార్త తీయించే ఆర్డరు విచారణకు ముందే తేలిగ్గా ఇవ్వొద్దని 2024 మార్చిలో బ్లూంబర్గ్ అనే వార్తాసంస్థ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందట. ఈ ‘ట’ మాత్రం నాది. నేను తర్వాత ఆ తీర్పు తీసి చదువుకున్నాను, చెప్పిన మాట నిజమే.

అప్పుడాయన ఎర్ర పెన్సిల్ తీసుకుని మా వార్త ముందేసుకున్నారు. ఆ గంటసేపు నాకు డెస్కులో మొదటి రోజులు గుర్తొచ్చాయి.

“‘విశ్వసనీయ సమాచారం’ అన్నావు. విశ్వసనీయం అని ఎలా తేల్చుకున్నావు?”

“ఫొటోలున్నాయండీ.”

“ఎవరు తీశారు? ఎప్పుడు? అసలు ఫోను ఎవరి దగ్గరుంది?”

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోను కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ కావాలి. నా ఫోనులోకి ఇలా వచ్చిందని నేను రాసివ్వగలను. అక్కడ, ఆ రోజున, అలా తీసిందని చెప్పగలిగేది తీసినవాడే. ఆయన్ని తీసుకురానని నేను మాటిచ్చాను.

“పోనీ, ‘భోగట్టా’. ఎవరి భోగట్టా? నువ్వు అచ్చేశావు కాబట్టి నీదే. ఒకడు అన్నమాటను ఇంకొకడు మళ్లీ అంటే, రెండోవాడు కూడా అన్నట్టే. చివర ‘ట’ పెట్టినా, ప్రశ్నార్థకం పెట్టినా, చదివినవాడికి ఏం అర్థమైందన్నదే లెక్క. ‘మేనేజరే సూత్రధారి?’ అని చదివి, ఏమో, కాదేమో అనుకునేవాడు గుంటూరులో ఉన్నాడా?”

“పేరు రాయలేదు కదండీ?”

“గేటు వేశావు కదయ్యా.”

పేరు రాయాల్సిన పనే లేదట చట్టానికి. ఎరిగినవాళ్లు చదివి, ఇది ఫలానావాడి గురించి అని పోల్చుకోగలిగితే చాలు. కంపెనీకి కూడా పరువుంటుందని సెక్షన్లోనే వివరణ ఉంది. నేను నోరు మూసుకున్నాక ఆయన పెన్సిల్ పక్కన పెట్టి అన్నమాట ఇప్పటికీ చెవిలో ఉంది. “చెప్పినవాడికి పేరు లేదు. చేసినవాడికి పేరు లేదు. ఈ కాగితంలో పేరున్నది నీ ఒక్కడికే, ఆఖరి పేజీ కింద, ఎడిటరు అని.”

సెక్షన్‌కు పది మినహాయింపులున్నాయి. మాకు పనికొచ్చేవి ముఖ్యంగా రెండు. మొదటిది, చెప్పింది నిజమై ఉండాలి, అది జనం మేలు కోసం చెప్పిందీ అయుండాలి. రెండూ కావాలి, ఒకటి ఉంటే చాలదు. ఆ నిజం నిరూపించాల్సింది మనమే. సాక్షి బోనెక్కకపోతే, ఆయన నాకు చెప్పాడని నేను చెప్పడం ఒట్టి విన్నమాటే అవుతుంది. రెండోది తొమ్మిదో మినహాయింపు. నిజమని తేల్చలేకపోయినా, సద్బుద్ధితో, ప్రజల మేలు కోసం చెప్పానని చూపడం. సద్బుద్ధి అంటే మన మనసులో ఉన్న మంచితనం కాదు, తగిన శ్రద్ధ, జాగ్రత్త తీసుకున్నామా అన్నది. నిర్వచనంలోనే ఉందా మాట.

“అయితే ఏం జాగ్రత్త తీసుకున్నావో చెప్పు. ‘వివరణ కోసం ప్రయత్నించగా అందుబాటులోకి రాలేదు’. ఎన్నిసార్లు ప్రయత్నించావు?”

“ఒకసారి. ల్యాండ్‌లైన్‌కి.”

“ఎప్పుడు?”

“సాయంత్రం 7:40కి. తొమ్మిదికి పేజీ ప్రెస్సుకి పోవాలి.”

కోల్డ్ స్టోరేజీ ఆఫీసు ఆరింటికి మూసేస్తారు. ఆ సంగతి నాకు తెలుసు. అది ఆయనకు చెప్పలేదు, కానీ ఆయన నా మొహం చూశారు.

ఇంకో ఆశ కూడా చూపించాను. సర్కారు అధికారుల మీద రాసేటప్పుడు పత్రికలకు కొంత వెసులుబాటు ఇచ్చిన 1994 నాటి రాజగోపాల్ తీర్పు గురించి ఎప్పుడో చదివాను. “అది ప్రభుత్వోద్యోగి విధి నిర్వహణ గురించి. మీవాడు ప్రైవేటు కంపెనీలో జీతగాడు” అన్నారు. అప్పటికే ఉక్రోషం వచ్చి, 1908లో బెజవాడ నుంచి ‘స్వరాజ్య’ పత్రిక నడిపి జైలుకెళ్లిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు గారి ప్రస్తావన తెచ్చాను. ఎందుకు తెచ్చానో నాకే తెలియదు. ప్లీడరు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, “ఆయన తెల్లదొరల మీద రాసి మూడేళ్లు పోయాడు. నువ్వు కనీసం పగటిపూట ఫోన్ చెయ్యలేదు” అన్నారు. బావ కిసుక్కున నవ్వాడు. ఇంటిదాకా వాడితో మాట్లాడలేదు.

వెళ్లేముందు ఆయన అడిగారు, ఆ మనిషెవరని. ప్లీడరుతో చెప్పిన మాట బయటికి రాదని కూడా అన్నారు. అది నిజమే, చట్టం ఆ మాటను కాపాడుతుంది. మొగుడూ పెళ్లాల మధ్య మాటనూ కాపాడుతుంది. విలేకరికి చెప్పిన మాటకే మన దేశంలో అలాంటి కాపుదల లేదు. 1978 నాటి ప్రెస్ కౌన్సిల్ చట్టంలో సోర్సు పేరు చెప్పమని బలవంతం చేయకూడదని ఉంది గానీ, అది ఆ కౌన్సిల్ ముందు జరిగే విచారణకే. కోర్టులకు కాదు. 1983లో లా కమిషన్ తన 93వ నివేదికలో సాక్ష్య చట్టంలో ఈ రక్షణ పెట్టమని సిఫారసు చేసింది. 40 ఏళ్ల తర్వాత కొత్త సాక్ష్య చట్టమే వచ్చింది, అందులోనూ చోటు దొరకలేదు. అంటే రేపు జడ్జి గారు బోనులో నిలబెట్టి అడిగితే, చెప్పనని అనడానికి నాకు హక్కంటూ లేదు. ఇచ్చిన మాటొక్కటే ఉంది.

“చెప్పలేనండీ” అన్నాను. ఆయన ఇంకోసారి అడగలేదు.

డిలీట్ మాత్రం చేయనివ్వలేదు. చప్పుడు లేకుండా తీసేస్తే తప్పు ఒప్పుకుని దాచినట్టుంటుందన్నారు. వేసిన పేజీ, నా నోటు పుస్తకం, కాల్ రికార్డులు, వాట్సాప్ అన్నీ ఎలా ఉన్నవి అలా భద్రపరచమన్నారు. నోటు పుస్తకంలో ఆ రోజు పేజీ తీసి చూస్తే నాలుగు లైన్లున్నాయి. అందులో ఒకటి టీ డబ్బుల లెక్క.

ఆ వారం రాత్రుళ్లు నిద్ర లేదు. సోర్సుకు ఫోన్ చేస్తే స్విచాఫ్. మా ఆవిడ అడిగితే ఏసిడిటీ అని చెప్పాను.

తర్వాత వారం రెండో నోటీసు పెట్టిన మేనేజరు ప్లీడరు గారి ఆఫీసుకు వచ్చాడు. తనే వస్తానని కబురు పెట్టించాడట. 50 ఏళ్ల మనిషి, స్కూటర్ మీద వచ్చాడు, చేతిలో ప్లాస్టిక్ కవరు. కూర్చోమంటే అంచున కూర్చున్నాడు. కవర్లోంచి ముందు మా పేపరు తీశాడు. ఫొటోలో రిజిస్టరు పేజీ మీద వేలు పెట్టాడు.

“సార్, ఇక్కడ తారీఖు చూడండి. ఏప్రిల్ 19.”

చూశాను. అప్పటిదాకా చూడలేదు. బావా నేనూ ఆ ఫొటోను పేజీలో పెట్టి, సైజు తగ్గించి పెంచి, కనీసం పదిసార్లు చూసుంటాం.

రెండో కాగితం తీశాడు. ఆయన అపాయింట్‌మెంట్ ఆర్డరు. చేరింది జూలై 1న.

“ఏప్రిల్లో నేను ఒంగోల్లో ఉన్నా సార్, వేరే ఉద్యోగంలో. పేరు రాయలేదంటారు. ఆ గేటున్న కోల్డ్ స్టోరేజీకి మేనేజరు ఒక్కడే ఉంటాడు సార్. మా బావమరిదే నాకీ పేపరు ఫార్వర్డ్ చేశాడు, ఇది నువ్వేనా అని.”

సోర్సు అబద్ధం చెప్పలేదు. మేనేజరే చేయించాడన్నాడు, ఆయన మనసులో ఉన్నది పాత మేనేజరు. ఏ మేనేజరు, ఎప్పుడు అని నేను అడగలేదు. పేరు చెప్పనివాడి మీద అనుమానం అంటే, వాడికి పగ ఉందేమో, డబ్బు తీసుకున్నాడేమో అని చూడటమే అనుకునేవాణ్ని. నిజాయితీగా చెప్పినవాడి మాటలోనూ ఒక ఖాళీ ఉంటుందనీ, దాన్ని నేను నాకు తోచిన మనిషితో నింపేస్తాననీ తట్టలేదు.

మేనేజరు అడిగింది ఒకటే. ఏ పేజీలో వేశారో అదే పేజీలో, అంత సైజులోనే, తనకు సంబంధం లేదని వేయాలి. సవరణ అంటే మా పత్రికల్లో అలవాటు లోపలి పేజీలో ఓ మూల అగ్గిపెట్టంత డబ్బా. బావ అక్కడే ఉండి, “మూడో పేజీలో పెడదాంలే” అని నా చెవిలో గొణిగాడు. ఆయనకు వినపడింది. ఏమీ అనలేదు.

ఇక్కడ ప్లీడరు గారికీ నాకూ కాస్త వాదన జరిగింది. మేనేజరుకు క్షమాపణ రాస్తే, అదే కాగితం పట్టుకుని కంపెనీ మన మీదకు వస్తుంది, శ్రద్ధ తీసుకోలేదని మీరే ఒప్పుకున్నారు కదా అంటుంది. అందుకని ఆయన ‘పొరపాటున అలా అర్థం వచ్చినట్టయితే చింతిస్తున్నాం’ అని ఒక వాక్యం రాసిచ్చారు. అదొక గమ్మత్తయిన వాక్యం, అందులో తప్పు చదివినవాడిది. మేనేజరు దాన్ని రెండుసార్లు చదివి, “నా మీదే కోపగించుకున్నట్టుంది సార్” అన్నాడు. చివరికి నేనే రాశాను. ఆ సమయంలో ఆయన అక్కడ ఉద్యోగంలో లేరు, ఈ ఆరోపణతో ఆయనకు సంబంధం లేదు, ప్రచురణకు ముందు మేం ఆయన్ని సరిగా సంప్రదించలేదు, అందుకు క్షమాపణ చెబుతున్నాం. మొదటి పేజీలో, అంతే సైజులో. వెబ్‌సైట్‌లో పాత వార్త పైనే తేదీతో సహా పెట్టి, మేనేజరు ప్రస్తావన ఉన్న వాక్యాలు తీసేశాం. ప్లీడరు గారు తల అడ్డంగా ఊపారు గానీ అడ్డు చెప్పలేదు. మేనేజరు గొడవ అక్కడితో అయిపోయింది. పేపరు కాపీలు పది అడిగి తీసుకెళ్లాడు.

కంపెనీ సంగతి వేరు. టిక్కీల తారుమారు వార్త తప్పని నాకు అనిపించలేదు. కానీ నా దగ్గర ఉన్నది ఒక స్విచాఫ్ ఫోను. ప్లీడరు గారు నోటీసుకు జవాబు తయారు చేస్తూ, “ఆయన సరే. సరుకు పెట్టిన రైతులు ఎవరూ లేరా?” అన్నారు.

అక్టోబరులో మూడు వారాలు ప్రత్తిపాడు, పెదనందిపాడు వైపు ఊళ్లు తిరిగాను. మోటార్ సైకిల్ మీద, ఉదయం వెళ్లి రాత్రికి రావడం. మొదటి రెండు రోజులూ ఎవరూ నోరు విప్పలేదు. వచ్చే ఏడాదీ అక్కడే పెట్టుకోవాలి కదా. మూడో రోజు ఒక పెద్దాయన నన్ను పశువుల కొట్టంలోకి తీసుకెళ్లి, గోనెసంచి ముక్క ఒకటి తీసి చూపించాడు.

“మేం తెల్లదారంతో కుట్టాం బాబూ. మా కోడలే కుట్టింది. బయటికొచ్చింది నల్లదారంతో. సంచి మీద మా గుర్తు మాదే. లోపల కాయ మాది కాదు.”

ఆ సంచి ముక్కను ఆయన జూన్ నుంచి దాచిపెట్టుకున్నాడు. బాండు ఉంది, తీసినప్పటి చీటీ ఉంది, యార్డులో తక్కువ ధర పడ్డ అమ్మకం పట్టీ ఉంది. పేరు రాయొచ్చా అని భయపడుతూ అడిగాను.

“రాయి. నా పేరు రాయి, మా నాన్న పేరు రాయి, పొలం సర్వే నంబరు రాయి. నేనేం దొంగతనం చేశానా?”

ఆయన్ని చూసి ఇంకో ఇద్దరు ముందుకొచ్చారు. ముగ్గురూ అఫిడవిట్లు ఇచ్చారు. తిరుగు ప్రయాణంలో బండి మీటర్ చూసుకున్నాను. ఆ పెద్దాయన ఇంటి నుంచి మా ఆఫీసుకు 23 కిలోమీటర్లు. ఆగస్టులోనే వెళ్లి ఉంటే, శంకర్‌విలాస్ సెంటర్‌లో టీ తాగిన మనిషి నాకు దారి చూపినవాడిగానే మిగిలేవాడు. వార్తలో ఆయన మాట ఒక్కటీ అవసరమయ్యేది కాదు.

కంపెనీ ఫిర్యాదు 2025 జనవరిలో పడింది. కోర్టు నుంచి నోటీసు వచ్చింది, సమన్లు కాదు. ఈ తేడా నాకు ప్లీడరు గారు వివరించారు. పాత సీఆర్పీసీ (క్రిమినల్ ప్రొసీజర్ కోడ్) కింద అయితే మేజిస్ట్రేటు ఫిర్యాదినీ, ఆయన సాక్షుల్నీ విని, కేసు ఉందనిపిస్తే సమన్లు పంపేవారు. అప్పటిదాకా మనకు మాట్లాడే అవకాశం లేదు. దాని బదులు వచ్చిన కొత్త నాగరిక సురక్షా సంహిత 223వ సెక్షన్లో, కేసును విచారణకు స్వీకరించే ముందే నిందితుడి మాట కూడా వినాలని పెట్టారు. కొత్త చట్టాల మీద బార్ అసోసియేషన్‌లో అందరూ తిట్టుకుంటూ ఉంటారు గానీ, ఈ ఒక్క ముక్క మీకు దేవుడిచ్చిన వరం అన్నారు ప్లీడరు గారు.

ఆ రోజు ఉదయం పదింటికే కోర్టుకు వెళ్లాం. మా నంబరు పిలిచేసరికి మధ్యాహ్నం పన్నెండున్నర. ఫిర్యాదు తరఫు ప్లీడరు అనుకున్నట్టే మా మొదటి పేజీ క్షమాపణ తీసి చదివారు, ‘సరిగా సంప్రదించలేదు’ అన్నచోట గొంతు పెంచి మరీ. మా ప్లీడరు గారు లేచి, తప్పు తెలిసిన వెంటనే అదే సైజులో దిద్దుకున్నవాడికి దురుద్దేశం ఎలా అంటగడతారని అడిగి, రైతుల అఫిడవిట్లు, బాండ్లు, పట్టీలు ఇచ్చారు. నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. మొత్తం పన్నెండు నిమిషాలు. ఉత్తర్వుల కోసం వాయిదా వేశారు. ఇది రాస్తున్న నాటికి ఆ ఉత్తర్వు రాలేదు.

బయట వరండాలో జనం. ప్లీడరు గారు మెట్ల దగ్గర ఆగి ఎవరితోనో మాట్లాడుతున్నారు. ఎదురుగా జిరాక్స్ షాపు దగ్గర, చెట్టు నీడన, ఆయన నిలబడి ఉన్నాడు. నెలల తరబడి ఫోను ఎత్తని మనిషి. ఎందుకొచ్చాడో, లోపల ఎవరైనా తన పేరు ఎత్తుతారేమోనని విందామని వచ్చాడేమో. చేతిలో ఖాళీ టీ గ్లాసు. నన్ను చూశాడు. నేనూ చూశాను.

“ఎవరయ్యా, తెలిసినవాళ్లా?” అన్నారు ప్లీడరు గారు వెనక నుంచి వచ్చి.

“కాదండీ” అని, ఆయన చేతిలో ఫైలు అందుకుని మెట్లు దిగాను.